బెత్తెడు ఎడం

షల్గం మా ఇంటి పంట కాదు. వరి తెలుసు, మక్క తెలుసు. వంకాయ, టమాట, మిరప నిద్రలో లేపి నాటమన్నా నాటగలం. అడుగు తెల్లగా, పైన ఊదారంగు పూసినట్టుండే ఈ షల్గం గడ్డ పిచ్చి మాత్రం మా స్వర్ణది. స్వర్ణలత నా తోడికోడలు, మా మరిది గోవర్ధన్ భార్య. పుట్టిల్లు మామిడిపల్లి. చలికాలం రాగానే పక్కింటి ఖాతూన్‌బీ షల్గం కూర గిన్నె నిండా పంపేదట. ఆ రుచి ఇప్పటికీ నాలుక మీద ఉందంటుంది. ఉంటే ఉండనీ, మాకేం అభ్యంతరం?

"అక్కా, ఒక్క మడి నాకియ్యి. షల్గం ఏస్త," అంది దసరా వెళ్ళాక.

"ఏస్కో. గడ్డ పడకుంటే మాత్రం ఆ కలుపు దీసే ఖుర్పితోని నీ నెత్తి మీద కొడ్త," అన్నాను.

నా మాట తీరే అంత. తొండుపల్లిలో మా ఇంటి మీదుగా రోజంతా విమానాలు పోతుంటాయి. మా వాడలో విమానం కంటే ముందు నా గొంతే వినిపిస్తుందని మా ఆయన లక్ష్మణ్ వెక్కిరిస్తాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా అమ్మ చెప్పి చెప్పి అలిసిపోయింది. పాలు పొంగినా అరుస్తాను, నల్లా కట్టేయకపోయినా అరుస్తాను. అరిచిన మరునిమిషంలో మర్చిపోతాను కూడా. స్వర్ణ ఎప్పుడూ ఎదురు గొంతు లేపదు, నవ్వుతుంది. పెళ్ళయి వచ్చిన నాటి నుంచి ఒకే వంటింట్లో నేను అరుస్తూ, తను నవ్వుతూ బతికేశాం.

మా చేను ఎయిర్‌పోర్టుకు పోయాక మాకు మిగిలిన వ్యవసాయమల్లా ఇంటి వెనక ఉన్న ఆ కాస్త జాగానే. అందులో ఒక మడి స్వర్ణకు ఇచ్చాను. తను మన్ను మెత్తగా చేసింది, పెంట ఎరువు కలిపింది, ఆవగింజల్లాంటి ఆ విత్తనాలను ఇసుకలో కలిపి చల్లింది. పక్కన కూర్చుని నీళ్ళు చిలకరించింది నా కూతురు మనీషా. స్వర్ణ ఎక్కడుంటే మనీషా అక్కడే. జడ వేసేది చిన్నమ్మ, బడికి డబ్బా కట్టేది చిన్నమ్మ, పడుకునేది కూడా చిన్నమ్మ పక్కనే. స్వర్ణకు పిల్లల్లేరు. నాకు మనీషా తర్వాత చందుగాడు పుట్టి, వాడికి ఒకటే రోగాలు పట్టుకుంటే, దవాఖానల చుట్టూ తిరగడంలోనే నా కాలం గడిచింది. ఆ రోజుల్లో మనీషాను ఎత్తుకున్న చెయ్యి స్వర్ణది. చందు తేరుకున్నాడు, బడికి పోతున్నాడు. మనీషా మాత్రం ఆ చెయ్యి వదల్లేదు.

మొలకలు లేచాయి. లేవడమంటే అట్లా ఇట్లా కాదు, మడి నిండా సందు లేకుండా లేచాయి. నేను సంబరపడ్డాను. స్వర్ణ మాత్రం నడుం మీద చెయ్యి పెట్టుకుని అటే చూస్తూ నిలబడింది.

"అక్కా, ఓ మాట చెప్పాలె," అంది. "మేము రావిర్యాల పోతున్నం. ఆయన కంపెనీ ఆడనే గద. ఒక అర్ర, వంటిల్లు కిరాయికి దొరికింది."

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మా మరిది ఇన్నేళ్ళ నుంచి బండి మీద పోయి వస్తున్నవాడే. దారి కొత్తదా, కంపెనీ కొత్తదా? ఇప్పుడు ఇల్లు వదిలి కిరాయికి పోవాల్సిన అవసరం ఏమొచ్చింది?

"నేనేమన్న అన్ననా?" అని అడిగాను.

"నువ్వు రోజూ ఏదో ఒకటి అంటనే ఉంటవు గదక్కా," అని నవ్వేసింది. "షల్గాలు నీకే అప్పజెప్తున్న. నాలుగాకులు వచ్చినంక పల్చన చెయ్యి. ఒకదానికొకటి బెత్తెడు ఎడం ఉండాలె. రెండు ఒక్క జాగల ఉంటే రెండూ గడ్డ పట్టవు, వట్టి ఆకులే ఎగబడ్తయి."

నేను అడిగింది ఏమిటి, తను చెప్పింది ఏమిటి! ఆ రోజంతా నేను ఎప్పుడెప్పుడు ఏమేం అరిచానో తలుచుకుంటూ కూర్చున్నాను. చారులో ఉప్పెక్కువైందని అరిచాను. అది వంట చేసే ఇంట్లో ఎవరైనా అరిచేదే. మొన్న చీరె ఆరేసిన తాడు తెగితే అరిచాను. తాడు మీద అరిచాను గానీ స్వర్ణ మీద కాదు. ఎంత వెతికినా ఇల్లు వదిలి పోయేంత మాట దొరకలేదు. దొరికి ఉంటే బాగుండేది, కాళ్ళు పట్టుకునో తిట్టుకునో తేల్చుకునేదాన్ని.

మర్నాడు మా అత్త లింగమ్మ చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఓ సుమలతా, గోవర్ధన్‌కు నైటు డ్యూటీలుంటయి. స్వర్ణ ఒక్కతే ఆడ ఏం జేస్తది? మనీషను తోలియ్యి. నీకు ఇద్దరున్నరు, దానికెవ్వలు లేరు. పెంచింది గూడ అదే గద."

చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు, నా కడుపున పుట్టిన పిల్లను మా అత్త దానం చేస్తోంది. పైగా అదేదో గిన్నెడు పిండి ఇచ్చినట్టు అంత తేలిగ్గా! మా వాళ్ళలో ఇది లేనిదేం కాదు. పిల్లలున్న అన్న ఇంటి నుంచి పిల్లలు లేని తమ్ముడి ఇంటికి ఒకరు పోయి పెరగడం మా వైపు అందరూ చూసిందే. ఎవరూ వింతగా అనుకోరు. మా మేనత్త అట్లా పెరిగిందే.

సాయంత్రం మా ఆయన క్యాబు దిగి వచ్చీ రాగానే అదే పాట. "అమ్మ చెప్పినదాంట్ల తప్పేమున్నది? ఆడ బడి గూడ మంచిగున్నదంట. రావిర్యాల ఏమన్న దూరమా?" అని అన్నం కలుపుకుంటూ అన్నాడు. చివర్న "నీ ఇష్టం మల్ల" అని ఒకటి తగిలించాడు. ప్రపంచంలో పనికిమాలిన మాట ఏదైనా ఉందంటే అదే.

నాకు ఇష్టమా కాదా? అదే కదా నాకు తెలియంది! కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టుంది నా పని. ఇయ్యను అంటే, నా కూతురికి పాలు పట్టి, జ్వరమొస్తే నిద్ర మానుకుని కూర్చున్న మనిషి ముఖం ఎట్లా చూడను? ఇస్తాను అందామంటే నా చేత కాదు. స్వర్ణ నోరు తెరిచి అడిగి ఉంటే ఏదో ఒకటి తేలేది. తను అడగదు. అడగకుండా అత్తతో అనిపిస్తోందా? ఇల్లు మారడం కూడా దానికోసమేనా? ఇన్నేళ్ళ నవ్వు వెనక ఇదే ఉందా? ఆ ఆలోచన రాగానే నా మీద నాకే అసహ్యం వేసింది. కాసేపటికి మళ్ళీ అదే ఆలోచన వచ్చింది.

అప్పుడు నాకున్న ధైర్యం ఒక్కటే. పోయిన ఎండాకాలం మనీషా పెద్దమనిషి అయినప్పుడు వచ్చి చెప్పింది నాకే. స్వర్ణ ఇంట్లోనే ఉంది, అయినా తలుపు దగ్గర నిలబడి, "అమ్మా" అని నన్నే పిలిచింది. ఎంత చిన్నమ్మ కొంగు పట్టుకు తిరిగినా, అసలు అవసరమొచ్చిన రోజున కాళ్ళు తల్లి దగ్గరికే వచ్చాయి. దాన్ని తలుచుకున్నప్పుడల్లా నాకు కడుపు నిండిపోయేది. ఈసారీ దాన్నే తలుచుకుని, అవుననీ కాదనీ అనకుండా ఊరుకున్నాను. జీవితంలో మొదటిసారి నోరు మూసుకుని ఊరుకున్నాను.

స్వర్ణ వాళ్ళు సామాను ఆటోలో వేసుకుని పోయారు. పోయేటప్పుడు మనీషా గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు. అత్త ఏదో అనబోతే మా ఆయన, "పరీక్షలైనంక చూద్దాం తీ," అన్నాడు. మనీషా గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపింది. స్వర్ణ వెనక్కి తిరిగి చూడలేదు. నవ్వే మనిషి నవ్వకుండా పోయింది, అదెందుకో కూడా నాకు తెలియలేదు.

ఆ తర్వాత ఇల్లు ఎట్లా ఉందని అడగొద్దు. మనీషా మాట్లాడదు. నేను జడ వేస్తానంటే తనే వేసుకుంటానంటుంది. ఒకరోజు చూస్తే తన బట్టలన్నీ మడతపెట్టి సంచిలో సర్దుకుంటోంది.

"ఏందే అది?" అన్నాను.

"ఊకెనే," అంది తల ఎత్తకుండా.

చెంచా కింద పడితే ఇల్లెగిరిపోయేలా అరిచే నేను, అక్కడ నుంచి పిల్లిలా బయటికొచ్చేశాను. ఎవరు సర్దుకోమన్నారు? స్వర్ణ ఫోన్ చేసి చెప్పిందా? పోవాలని పిల్లకే ఉందా? అడిగితే ఏం చెబుతుందోనని భయం. ఆ భయం కూడా నాకు కొత్తదే.

ఈలోగా షల్గాలు నాలుగాకులు తొడిగాయి. పల్చన చెయ్యమంది కదా అని మడి దగ్గర కూర్చున్నాను. ఎక్కడ చూసినా రెండు, మూడు కలిసే ఉన్నాయి. రెండూ ఒకే ఎత్తు, రెండూ పచ్చగా నిగనిగలాడుతున్నాయి. దేన్ని ఉంచాలి, దేన్ని పీకాలి? ఒకటి ఎండిపోయి, ఇంకొకటి బాగుంటే ఎవరైనా చెబుతారు. రెండూ బాగుంటే ఏం చేయాలో నాకెవరూ నేర్పలేదు. ఫోన్‌లో ఒక వీడియో పెట్టాను. అందులో ఒకాయన టోపీ పెట్టుకుని, బలమైన మొక్కను ఉంచి పక్కనున్నవన్నీ పీకి పారేయండి అని ఎంతో హాయిగా చెబుతున్నాడు. చెప్పడమే కాదు, పీకి అవతల పారేస్తున్నాడు కూడా.

వెనక నుంచి చూస్తున్న మా అత్తకు ఒళ్ళు మండింది.

"ఏందే వాడు! నారు పీకి పారేస్తడా? వానికి పుట్టగతులుంటయా? నారు పోసేదే నాటేసెటందుకు!"

నాకూ ఆ మాటే సబబనిపించింది. మేం వరి నాట్లేసిన మనుషులం. నారుమడిలో పీకిన మొక్క ఒక్కటి గట్టు మీద పడిపోతే వంగి తీసి మళ్ళీ బురదలో గుచ్చేవాళ్ళం. టమాట నారయినా, మిరప నారయినా అంతే. పీకడమంటే నాటడానికే. పీకి పారేయడమనేది మా పెద్దలెవరూ చేసింది కాదు. ఆ టోపీ ఆయనకు పంట గురించి ఏం తెలుసు అనుకున్నాం ఇద్దరం. చాలా రోజుల తర్వాత మా అత్తా నేనూ ఒక మాట మీదికొచ్చాం.

పక్కన ఇంకొక మడి చేశాం. నీళ్ళు కట్టి బురద చేశాం. నేను పీకి ఇస్తుంటే, మోకాళ్ళ నొప్పులున్న మా అత్త పీట వేసుకుని కూర్చుని ఒక్కొక్క మొక్కను బొటనవేలితో నొక్కి నాటింది. అచ్చం వరి నాటు. ఎడం కూడా బెత్తెడు కొలిచి మరీ పెట్టింది. మధ్యాహ్నానికి అన్నీ నేల మీద పడుకున్నాయి. గోనెసంచులు తడిపి కర్రల మీద నీడ పరిచాం. సాయంత్రం చెంబుతో నీళ్ళు పోశాం. మర్నాడు కొన్ని లేచాయి, కొన్ని చచ్చాయి. లేచినవి కూడా దవాఖాన నుంచి వచ్చినవాళ్ళలా నీరసంగా తల వేలాడేశాయి. పాత మడిలో మిగిలినవేమో నేను చేతికొచ్చినట్టు లాగడంతో వేళ్ళు కదిలి అవీ సగం వాడిపోయాయి. మంచి చేశానో చెడు చేశానో తెలియక మడి చుట్టూ కాలుగాలిన పిల్లిలా తిరిగాను.

ఆదివారం పొద్దున స్వర్ణ వచ్చింది, ఒక్కతే, బస్సు దిగి. చేతిలో చందు కోసం బిస్కెట్ పొట్లం. మనీషా ఇంట్లో నుంచి చూసి, ఎదురు రాకుండా లోపలికి పోయింది. అదొక వింత. చిన్నమ్మ చప్పుడు వింటే ఉరికొచ్చే పిల్ల! లోపల్నుంచి బీరువా తలుపు తీసిన చప్పుడు వినిపించింది.

స్వర్ణ నేరుగా వెనక జాగాకు వచ్చింది. గోనెసంచుల పందిరి ఎత్తి చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, ఆపుకోలేక నవ్వింది.

"అక్కా! నాటేసినవా? ఇది నారు గాదక్కా!"

"మరేందో చెప్పి పోకపోతివి! పల్చన చెయ్యి అన్నవు, పల్చన చేసిన. పారెయ్యమని చెప్పినవా?"

"షల్గం నిలువు ఏరు తోని గడ్డ పడ్తది. పీకి నాటితే ఆ ఏరు వంకర పోతది. ఆకొస్తది గానీ గడ్డ సరిగ రాదు. పీకినయి పారెయ్యొద్దు. పప్పుల ఏస్కోవాలె, ఎంత కమ్మగుంటదో. మా ఖాతూన్‌బీ గట్లనే చేస్తుండె."

కూరకు వాడాలని ఎవరికి తోచింది? అంతా విని మా అత్త, "గా ముచ్చట ముందుగాల చెప్పొద్దా," అని సణుక్కుంటూ ముందు అరుగు మీదికి పోయి కూర్చుంది.

స్వర్ణ కొంగు నడుముకు దోపుకుని పాత మడిలో నేనింకా పీకని వైపు కూర్చుంది. ముందు నీళ్ళు చిలకరించి మన్ను నానబెట్టింది. ఎడమచేతి వేళ్ళతో ఉండాల్సిన మొక్క మొదలు నొక్కి పట్టుకుంది, కుడిచేత్తో పక్కదాన్ని మెల్లగా లాగింది. ఉండాల్సింది కదలనే లేదు. నేనూ కూర్చున్నాను. పీకినవి గంపలో పడుతున్నాయి. తను పీకేటప్పుడు ఒక్కసారి కూడా తటపటాయించలేదు, రెండింట్లో ఒకటి వెంటనే తీసేస్తోంది. ఆ తీరు చూస్తుంటే నాకు ఎక్కడలేని కోపం వచ్చింది.

"పిల్లను తీస్కపోనీకి వచ్చినవా?" అన్నాను.

స్వర్ణ చెయ్యి ఆగింది. "ఏ పిల్లను?"

"ఏ పిల్లనా? మనీషను! అత్తతోని అనిపించుడు ఎందుకు? నువ్వే అడగరాదు? ఇల్లు మారిందే దానికోసమైతే జర నా మొఖం మీద చెప్పరాదు?"

"అత్త అన్నదా?" స్వర్ణ ముఖం పాలిపోయింది. "నాకు తెల్వదక్కా. ఒట్టు, నాకు తెల్వనే తెల్వది."

ఇన్ని రోజులుగా మనసులో నేను పోట్లాడిన మనిషి ఈ మనిషి కాదు. అయినా నోరు ఆగదు కదా.

"మరెందుకు పోయినవు? నేనేం పాపం చేసిన? ఎంత పరేషాన్ అయితున్ననో తెల్సా నీకు?"

తను చేతికంటిన మట్టి దులుపుకుంది. చెప్పాలా వద్దా అన్నట్టు మడి వంక చూసింది.

"నేనీడ ఉన్నన్ని రోజులు అది నీ దిక్కు రాదక్కా. అందుకే పోయిన."

"ఎందుకు రాదు? పెద్దమనిషైన రోజు నా తానికే గద వచ్చింది? నువ్వింట్ల ఉండంగనే!"

స్వర్ణ తల తిప్పుకుని, పీకిన చోట మన్ను సర్దసాగింది.

"చెప్పు," అన్నాను.

"వద్దులే అక్కా."

"చెప్తవా లేదా!"

"ముందుగాల నా తానికే వచ్చిందక్కా," అంది, చాలా మెల్లగా. "పొద్దుగాల నుంచి నా అర్రల మూలకు గూసున్నది. అమ్మకు చెప్పు పోరా అంటే, అమ్మ ఒర్రుతది, బట్టలు ఖరాబు చేసినవని ఒర్రుతది అని ఒకటే ఏడ్సుడు. నేనే మొఖం కడిగి, తలుపు దాక తోల్కొచ్చి, అమ్మా అని పిలువమన్న. నేను ఎనక నిలవడ్డ, నీకు కనవడకుంట."

పైనుంచి విమానం దిగుతోంది. అది పోయేదాకా ఇద్దరం తలలు వంచుకుని కూర్చున్నాం. నేను ఇన్నాళ్ళు కడుపు నింపుకున్న ఒక్క ముద్దా స్వర్ణ పెట్టిందేనా? ఏడవాలో, తన చెంప పగలగొట్టాలో, దండం పెట్టాలో తెలియలేదు. మూడూ చేయాలనిపించింది.

"ఆ రోజు నువ్వు ఎంత సంబరపడ్డవో నేను చూసిన," అంది స్వర్ణ. "ఇగ నేనీడ ఉండొద్దు అనుకున్న. నేను లేకుంటే ఏ కష్టమొచ్చినా నీ తానికే రావాలె గద."

"మరి... ఇస్తే తీస్కపోతవా?" నా నోటి నుంచి ఆ మాట ఎందుకు వచ్చిందో నాకే తెలియదు. ఇవ్వాలని కాదు. తెలుసుకోవాలని కూడా కాదేమో.

స్వర్ణ మళ్ళీ మడి మీదికి వంగింది. ఒక మొక్కను పట్టుకుని లాగకుండా అలాగే ఉండిపోయింది.

"నన్ను గట్ల అడగకక్కా," అంది.

తర్వాత లేచి, గంప నడుమున పెట్టుకుని, "పప్పు ఏస్త," అంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను అక్కడే కూర్చున్నాను. ఎంతసేపో చెప్పలేను.

"అమ్మా."

తల ఎత్తితే మనీషా. పండక్కి కుట్టించిన లంగా వోణీ వేసుకుంది. జడ తనే వేసుకున్నట్టుంది, ఒక పక్కకు వాలింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఎప్పుడు పోవాలె?" అంది.

"ఏడికి?"

"చిన్నమ్మోళ్ళింటికి. తోల్కపోనీకే గద వచ్చింది."

"ఎవరన్నరే నిన్ను పొమ్మని?"

"నాయ్నమ్మ అన్నది. బాపు సరే అన్నడు. అన్నీ విన్న నేను."

"నేను అన్ననా? నేను పొమ్మన్ననా?"

ఇన్నేళ్ళలో నా ముందు ఎప్పుడూ గొంతు లేపని పిల్ల గొంతు లేపింది.

"నువ్వేమన్లేదు! పాలు పొంగితే ఒర్రుతవు. చెప్పులు అడ్డముంటే ఒర్రుతవు. పెన్సిల్ పోగొడ్తే వాడంత ఇనవడేటట్టు ఒర్రుతవు. నన్ను ఇచ్చేద్దామని వాళ్ళంటుంటే ఒక్కసారి గూడ ఒర్రలేదు. రోజూ చూసిన. ఇయ్యాల ఒర్రుతవేమో, రేపు ఒర్రుతవేమో అని చూసిన. సంచి సదురుకుంటుంటే గూడ చూసి ఎల్లిపోయినవు. నువ్వు నన్ను ఇచ్చేసినవనుకున్న."

దేవుడా! మంచిదాన్ని అనిపించుకుందామని మూసుకున్న నోరు అది. అన్నిటికీ అరిచి అరిచి పిల్లను భయపెట్టాను. అరవాల్సిన ఒక్క చోట మాత్రం మర్యాదగా కూర్చున్నాను.

లేవబోతే కాళ్ళు తిమ్మిరెక్కి ముందుకు తూలాను. పిల్ల పట్టుకుంది. ఏదో మెత్తగా చెబుదామని చూశాను. మెత్తటి మాటలు నాకెక్కడివి? నా గొంతు నాకు తెలిసినట్టే లేచింది.

"ఇయ్య! ఎవ్వలకు ఇయ్య! నా బిడ్డను నేనియ్య! ఓ అత్తా, ఇనవడ్తుందా? ఇంకొకసారి పిల్లను తోలియ్యి అంటే బాగుండది! నీ కొడుక్కు గూడ చెప్పు! నా బిడ్డ నా ఇంట్లనే ఉంటది!"

పక్కింటి మేడ మీద బట్టలు ఆరేస్తున్న అనుపమ చేతిలో దుప్పటి అట్లాగే పట్టుకుని నిలబడిపోయింది. అరుగు మీద నుంచి మా అత్త, "ఏందే, ఏమైందే, నేనేమన్న ఇప్పుడు?" అని గాబరాగా లేచింది. మనీషా నన్ను నడుము చుట్టూ పట్టేసుకుని, నా కడుపులో ముఖం పెట్టి ఏడుస్తోంది. నేను ఇంకా అరుస్తూనే ఉన్నాను. అరిచేకొద్దీ ఆ చేతులు బిగుసుకుంటున్నాయి.

ఆ అరుపులకు స్వర్ణ గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చింది. ఏమైందోనన్న కంగారు ముఖంలో. మమ్మల్నిద్దర్నీ చూసింది. తను ఇల్లు వదిలి వెళ్ళింది దీనికోసమే. నవ్వబోయింది. ఇన్నేళ్ళుగా నా ప్రతి అరుపుకీ నవ్విన మనిషికి ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. గరిటె నుంచి పప్పు బొట్టు చీరె మీద పడినా తుడుచుకోలేదు. కాసేపు అట్లాగే నిలబడి, మనీషా తల ఎత్తకముందే, లోపలికి వెళ్ళిపోయింది.

పిలుద్దామనుకున్నాను. పిల్ల చేతులు విడిపించుకోకుండా పిలవాలంటే మళ్ళీ అరవాలి. తనను ఏమని పిలవాలో, పిలిచి ఏం చెప్పాలో నాకు తెలియలేదు.